అమెరికా అంతర్యుద్ధము – ప్రత్తి, రొట్టె



బానిసత్వమును నిలుపుకొనగోరి దక్షిణ రాష్ట్రములు సమాఖ్యనుండి విడివడగా, 1861 ఏప్రిల్ నెలలో అమెరికా అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. ఉత్తరసేనాని విన్‌ఫీల్డ్ స్కాట్ సూచించిన వ్యూహమున రెండంగములు: నౌకలతో దక్షిణతీరమును దిగ్బంధించుట, మిసిసిపీ నదిని వశపరచుకొని శత్రుభూమిని రెండుగా చీల్చుట. 1863 జులై 4న విక్స్‌బర్గ్ లొంగుటతో ఆ వ్యూహము ఫలింపసాగెను.

దాని భారము వంటయిండ్లపై బడెను. ప్రత్తి అమ్ముడుపోలేదు, ఉప్పు కరవయ్యెను, కాగితపు నాణెము విలువ క్షీణించెను. 1863 ఏప్రిల్ 2న దక్షిణ రాజధానియగు రిచ్‌మండ్‌లో స్త్రీలు ఆకలి కోర్వలేక దుకాణములపై బడిరి.

ప్రత్తి రాక ఇంగ్లండునందలి లాంకషైర్ కార్మికులు పస్తులుండిరి. ఆ కొరతచే మన దేశపు ప్రత్తికి ధర పెరిగెను. గుంటూరు ప్రత్తి కాకినాడ రేవున ఓడ లెక్కెను. 1865లో యుద్ధము ముగిసెను. నలుబది లక్షల బానిసలకు విముక్తి కలిగెను. ఇచ్చట ప్రత్తిధర కూలెను. 1875లో పూనా, అహమ్మదునగరు రైతులు సాహుకార్ల ఋణపత్రములను తగులబెట్టుటకు ఆ పతనము నొక కారణము.

ఝరాసంగమున నాగలి పట్టువారికి ఈ కథ పరాయిది కాదు. చరిత్ర చదువునపుడు సేనానుల పేర్లతోబాటు ఆనాటి గింజల ధరను గూడ అడిగి తెలిసికొనవలెను.