జాఫ్నా గ్రంథాలయ వృత్తాంతము
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. పుస్తకములిచ్చినవారు, చందాలు కట్టినవారు, ప్రతిదినము వేళకు వచ్చి తలుపు తీసినవారు, ఎందరి పూనికచేతనో ఇది సాధ్యమైనది. ఇట్టి శుభదినమున దుఃఖకథ యేల యని కొందరికి తోచవచ్చును. కాని గ్రంథాలయము విలువ తెలియవలెనన్న, దానిని బుద్ధిపూర్వకముగా నాశనము చేసినచోట ఏమి జరిగినదో తెలిసికొనవలెను. అందుచేత శ్రీలంకలోని జాఫ్నా పట్టణపు గ్రంథాలయ వృత్తాంతమును మీకు మనవి చేయుదును.

జాఫ్నా ఆ ద్వీపమునకు ఉత్తరపు కొననున్నది. అచ్చటివారు తరతరములుగా తమిళము మాట్లాడువారు. 1933లో కె.ఎం. చెల్లప్ప అను పుస్తకప్రియుడు తన యింటనే గ్రంథములు చేర్చి పదిమందికి చదువ నిచ్చుచుండెను. మరుసటి యేడు ఊరి పెద్దలు కూడి, ఒక అద్దెగదిలో గ్రంథాలయము నెలకొల్పిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి కాలమున మన ఆంధ్రదేశమున ఊరూర జరిగినదియు ఇదియే గదా! పిదప వారు విరాళములు ప్రోగుచేసి, 1954లో పెద్ద భవనమునకు శంకుస్థాపన చేసిరి. గ్రంథాలయ శాస్త్రాచార్యులైన ఎస్.ఆర్. రంగనాథన్‌గారు సలహా లొసగిరి. 1959లో జాఫ్నా మేయరు ఆల్ఫ్రెడ్ దురైయప్ప ఆ భవనమును ప్రారంభించెను. 1981 నాటికి అందు సుమారు 97,000 గ్రంథములును, తాళపత్ర ప్రతులును ఉండెను.

ఈ లోపల దేశ రాజకీయము వేరుత్రోవ పట్టెను. 1948లో స్వాతంత్ర్యము వచ్చిన యేడే చేసిన పౌరసత్వ చట్టమువలన, తేయాకు తోటలలో చెమటోడ్చుచున్న భారత సంతతి తమిళులు లక్షలాదిగా పౌరసత్వమును, పిదప ఓటును కోల్పోయిరి. 1956లో బండారనాయక ప్రభుత్వము సింహళమును ఏకైక అధికార భాష చేసెను. ఆంగ్లముక్రింద అణగియున్న తమ భాష తలయెత్తవలెనని సింహళులు కోరుటలో తప్పులేదు. ప్రక్కన తమిళమునకు చోటు లేకుండ చేయుటయే తప్పు. ఆనాటినుండి తమిళ ఉద్యోగి సింహళము నేర్వకున్న ఉద్యోగమునకే ముప్పు వచ్చెను. 1957లో బండారనాయక, తమిళ నాయకుడు చెల్వనాయకము ఒక ఒప్పందమునకు వచ్చిరి. భిక్షువుల యొత్తిడికి లొంగి, మరుసటి యేడే ప్రధాని దానిని రద్దుచేసెను. వెంటనే అల్లర్లు చెలరేగి ఎందరో తమిళులు ప్రాణములు కోల్పోయిరి. 1970 తరువాత విశ్వవిద్యాలయ ప్రవేశమునకు తమిళ విద్యార్థులు ఎక్కువ మార్కులు తెచ్చుకొనవలెనని నియమము పెట్టిరి. ఈ విధముగా ఓటు, భాష, ఉద్యోగము, చదువు ఒక్కొక్కటే దూరము కాగా, శాంతియుతముగా అడిగిన పెద్దలమాట యువకులకు రుచింపదయ్యెను. కొందరు తుపాకి పట్టిరి. గ్రంథాలయమును ప్రారంభించిన ఆ దురైయప్పనే 1975లో తమిళ యువకులు కాల్చి చంపిరి.

1981 మే 31న జాఫ్నాలో ఒక తమిళ పక్షపు ఎన్నికల సభ జరుగుచుండగా, కాల్పులకు పోలీసులు బలియైరి. ఆ రాత్రినుండి కొన్ని దినములు, శాంతిని కాపాడవలసిన పోలీసులే పట్టణముపై పడిరి. అంగళ్లు, ఒక పత్రికా కార్యాలయము, పార్లమెంటు సభ్యుని యిల్లు తగులబడెను. ఇద్దరు మంత్రులు అప్పుడు ఆ పట్టణమందే యుండిరి. ఆ దినములలోనే గ్రంథాలయమునకును నిప్పు పెట్టిరి. ఆ మంటలు చూచి, బహుభాషా పండితుడైన ఫాదర్ డేవిడ్ గుండె ఆగి మరణించెనని చెప్పుదురు. అచ్చుపుస్తకము పోయిన మరల కొనవచ్చును. తాళపత్రము పోయిన తెచ్చుట యెక్కడినుండి?

గ్రంథములతో మొదలైనది మనుష్యులతో ఆగలేదు. 1983 జూలైలో పులులు 13 మంది సైనికులను చంపగా, కొలంబోలో మూకలు ఓటర్ల జాబితాలు చేతబట్టి తమిళుల యిండ్లు వెదకి తగులబెట్టిరి. వెలికడ కారాగారమున 53 మంది తమిళ ఖైదీలు హతులైరి. ఆ దినములలో తమిళులను తమ యిండ్ల దాచి కాపాడిన సింహళులును కలరు, వారిని మరువరాదు. పిదప 2009 వరకు యుద్ధము సాగెను. పులులును నిర్దోషులు కారు. వారు బాలురను సైన్యమున చేర్చిరి. 1990లో ఉత్తరప్రాంతపు ముస్లిములను కట్టుబట్టలతో వెడలగొట్టిరి. తమతో ఏకీభవింపని తమిళులనే చంపిరి. తుదిదినములలో ప్రభుత్వ సైన్యము, తాను నిర్భయ ప్రాంతమని ప్రకటించిన చోటులపైననే ఫిరంగులు పేల్చెను. ఆ తుది నెలలలో 40,000 మంది వరకు పౌరులు మరణించి యుండవచ్చునని ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘము 2011లో తెలిపెను. సైన్యమునకు లొంగిన తమ బిడ్డ లేమైరని యడుగుచు, 2017లో కిలినొచ్చి తల్లులు ఛాయాచిత్రములతో రోడ్డుప్రక్కన దీక్షకు కూర్చుండిరి.

గ్రంథాలయ భవనము మరల కట్టబడినది, పాఠకులు వచ్చుచున్నారు. 2016లో ప్రధాని రణిల్ విక్రమసింఘె పార్లమెంటులో ఆ దహనమునకు క్షమాపణ చెప్పెను. మంచిదే. కాని నిప్పు పెట్టినందుకు ఇంతవరకు ఎవ్వరును శిక్ష పొందలేదు. గోడలకు సున్నము వేసినంత మాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. ఎవరు చేసిరో చెప్పి, శిక్షించి, పోయినవారి జాడ వారివారికి తెలిపిననాడే ఆ గాయము మానుట కారంభించును.

ఇది పరదేశపు మాట యని మనము ఊరకుండరాదు. భాషకొరకు పొట్టి శ్రీరాములుగారు 1952లో ప్రాణము లర్పించిన జాతి మనది. మాతృభాషపై మనకున్న మమకారము పరులకును ఉండునని మనము తెలియవలెను. మన జిల్లాలలో తమిళము, కన్నడము, ఒడియా, ఉర్దూ మాట్లాడు కుటుంబములు కలవు. సవర, కోయ, గోండు బాలురు కలరు. వారి భాషలో ఒక్క పుస్తకమైన మన బీరువాలలో నున్నదా? లేనిచో ఈ రజతోత్సవ సంవత్సరముననే ఒక అర వారికై కేటాయింపుడని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. దానికి కావలసినది పెద్ద సొమ్ము కాదు. ఈ తలుపు తమకును తెరచియున్నదని ఆ పిల్లలకు తెలిసిన చాలును.