గాదె నిండుగా ఉండవలెనా?



గాదెలో ధాన్యమెంత ఉంచుకోవాలన్నది ప్రతి గృహిణికీ తెలిసిన లెక్క. ఎక్కువైతే పురుగు, తక్కువైతే పస్తు. దేశదేశాల నుండి విడిభాగాలు తెప్పించుకొని, దేశదేశాలకు సరుకు పంపే కర్మాగారానికీ సమస్య ఇదే. కాకపోతే దాని గాదె సముద్రానికి ఇరువైపులా పరచుకొని ఉంటుంది.

జపాను దేశపు టొయోటా సంస్థలో ఈ లెక్కను కొత్తగా వేసినవాడు తయీచి ఓనో అనే ఇంజనీరు. నిల్వను ఆయన సంపదగా గాక వ్యర్థంగా భావించాడు. 1956లో అమెరికా పర్యటించినపుడు మోటారు కర్మాగారాలకంటె సూపర్ మార్కెట్లే ఆయనను ఎక్కువగా ఆకట్టుకొన్నాయి. అరలో ఖాళీ అయినంత మేరకే అక్కడ సరుకు తిరిగి నింపుతారు. ఆయన పెంపొందించిన పద్ధతికీ అదే సూత్రం: తరువాతి దశవారు వాడినంతే ముందటి దశవారు తయారు చేయాలి. ఎంత కావాలో చెప్పేందుకు ‘కాన్బాన్’ అనే చీటీ ఉంటుంది. దీనివలన సొమ్ము నిల్వలలో చిక్కుకోదు. లోపమున్న భాగం గుట్టలో దాగక, వెంటనే బయటపడుతుంది. ఈ రెండవ ప్రయోజనమే గొప్పది. దానిని విస్మరించి గోడౌను అద్దె మిగిలితే చాలుననుకొన్న అనుకర్తలు లోకంలో తక్కువేమీ కాదు.

అయితే ఈ పద్ధతికి పరీక్ష రాకపోలేదు. 1997 ఫిబ్రవరి 1న కరియ పట్టణంలోని ఐసిన్ సేకి సంస్థ కర్మాగారం అగ్నికి ఆహుతైంది. బ్రేకులలో అమర్చే ఒక చిన్న వాల్వు టొయోటాకు దాదాపు అంతా అక్కడినుండే వచ్చేది. చేతిలోని నిల్వ అత్యల్పం. కొద్దిరోజులలోనే జపానులో టొయోటా ఉత్పత్తి చాలవరకు స్తంభించింది. ఇతర సరఫరాదారులు నమూనా పటాలు అందుకొని, తమ యంత్రాలమీదనే ఆ వాల్వులు చేసి ఇచ్చారు. కుట్టుమిషన్లకు పేరుపడిన బ్రదర్ సంస్థ సైతం ఆ పనికి పూనుకొన్నది! గిడ్డంగి చేయలేని పనిని అక్కడ ఇరుగుపొరుగు చేసింది.

2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ అంతకంటె పెద్ద దెబ్బ. ఇరుగుపొరుగు కూడ ఒకేసారి దెబ్బతిన్నపుడు ఆదుకొనేదెవరు? రెనెసాస్ సంస్థ నాకా చిప్పుల కర్మాగారం మూతపడగా, ఆ నష్టం కార్ల తయారీదారులందరికీ తగిలింది. అటుపిమ్మట టొయోటా తన సరఫరాదారులకు సరఫరా చేసేవారెవరో కూడ ఆరా తీసింది. అన్నింటికీ గాక, తయారీకి దీర్ఘకాలం పట్టే చిప్పులవంటివాటికి మాత్రం రెండు మొదలు ఆరు నెలల నిల్వ ఉంచవలసిందిగా సరఫరాదారులను కోరింది.

2021లో ప్రపంచమంతటా చిప్పుల కరవు వచ్చినపుడు తొలినెలలలో టొయోటా ఇతరులకంటె నిబ్బరంగా నిలిచింది. ఆ సంవత్సరం సెప్టెంబరు వచ్చేసరికి అదికూడ ఉత్పత్తిని సుమారు 40 శాతం తగ్గించుకొనవలసి వచ్చింది.