సైన్యమునకు కులమేది? పక్షమేది?



కొన్ని మాసముల క్రిందట మా గ్రామమున నొక చిన్న వివాదము జరిగినది. నేను పదవీవిరమణ చేయుటకు ముందు నా యొద్ద తెలుగు చదువుకొన్న యొక రైతు కుమార్తె, సైనికాధికారులను తయారుచేయు ఖడక్‌వాస్లా విద్యాలయపు ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టుకొనెను. ఆమె తండ్రి సంతోషముతో ఈ మాట రచ్చబండ కడ చెప్పగా, అచ్చట కూర్చున్న పెద్దలలో నొకరు, “ఏమిరా అబ్బాయీ! రేపు మన కుఱ్ఱవాండ్రు ఒక ఆడుపిల్ల ఆజ్ఞకు నిలుతురా? దండు అనగా బడి కాదురా” అనిరి. మఱియొకరు, “ఇప్పుడంతయు రాజకీయమే. ఓట్లకొఱకు సైన్యములో సయితము అందఱిని చేర్చుచున్నారు” అనిరి. పిదప అందఱును నా వైపు తిరిగి, “పంతులుగారూ! మీరేమందురు?” అని యడిగిరి. ఆనాడు క్లుప్తముగ చెప్పిన సమాధానమునే నేడు కొంత విపులముగ మనవి చేయుదును.

ఆ మాటలలో రెండు సందేహములు ముడివడియున్నవి. సైన్యములో ఎవరెవరికి చోటుండవలెను అనునది మొదటిది. సైన్యములో ఏ రాజకీయ సిద్ధాంతమునకు చోటుండవలెను అనునది రెండవది. మొదటిదానికి నా సమాధానము “అర్హులైన వారందఱికిని” అని. రెండవదానికి “దేనికిని కూడదు” అని. ఈ రెండును పొసగవని కొందఱు తలంతురు. ఒకటి లేనిదే రెండవది నిలువదని నా నమ్మకము.

భారతకథ మీకందఱికిని తెలిసినదే. ద్రోణశిష్యులు అస్త్రవిద్యను ప్రదర్శించిన దినమున కర్ణుడు రంగమున ప్రవేశించి, అర్జునుడు చూపిన విద్యలన్నియు తానును చూపెను. అప్పుడు కృపాచార్యుడు అతని విద్యను విచారింపక వంశము నడిగెను. కర్ణుడు తల వంచుకొనెను. ఆ క్షణముననే దుర్యోధనుడు లేచి, అంగరాజ్యమిచ్చి, యతని తల నెత్తించెను. మనము దీనిని స్నేహమునకు ఉదాహరణముగ చెప్పుకొందుము. కాని ఇందు రాజ్యతంత్రమునకు సంబంధించిన పాఠము కూడ నున్నది. సభ మూసిన తలుపును ఒక పక్షము తెఱచెను. తెఱచినవానికే కర్ణుడు జీవితాంతము కట్టువడియెను. ఆ పక్షము చేయుచున్నది అధర్మమని తెలిసియు విడువలేకపోయెను. ఆ తలుపు ధర్మముచేతనే తెఱవబడియున్నచో, అతడు ఒక మనుష్యునకు గాక ధర్మమునకే ఋణపడి యుండెడివాడు గదా!

ఇక చరిత్రకు వత్తము. పుట్టుకనుబట్టి సైన్యమునుండి త్రోసివేయబడుట మన తెలుగువారికి అనుభవములోని విషయమే. క్లైవు మద్రాసునుండి ఓడలపై వంగదేశమునకు కొనిపోయిన సిపాయిలు 1757లో ప్లాసీ యుద్ధమున పోరాడిరి. తరువాత ఉత్తరహిందూస్థానమున చిరకాలము సిపాయికి “తిలంగా” యను పేరే వాడుకలో నుండెను. తెలుగుసీమ పేరే అట్లు సైనికునకు మాఱుపేరైనది. అట్టి తెలుగువారికే పందొమ్మిదవ శతాబ్దాంతమునకు సైన్యద్వారము దాదాపుగ మూయబడెను.

కారణము వినుడు. 1857 తిరుగుబాటు పిమ్మట ఏర్పడిన పీల్ సంఘము, వేర్వేరు జాతులవారిని, కులములవారిని కలిపి పటాలములను కూర్పవలెనని సలహా యిచ్చెను. పేరునకు అది కలయికయే. ఉద్దేశము మాత్రము సమానత్వము కాదు. సిపాయిలందఱు మరల ఏకము కాకుండ చూచుకొనుట. తరువాత 1881 మొదలు 1885 వఱకు మద్రాసు సేనాధిపతిగను, పిదప 1893 వఱకు భారతసేనాధిపతిగను ఉండిన రాబర్ట్సు దొర మఱియొక సిద్ధాంతమును బలపఱచెను. కొన్ని జాతులవారు పుట్టుకతోనే యోధులనియు, దక్షిణదేశపువారు చిరకాలము శాంతిలో నుండి మెత్తబడిరనియు దాని సారాంశము. తత్ఫలితముగ మద్రాసు పటాలములు కొన్ని రద్దయ్యెను; కొన్నిటిలో ఉత్తరదేశపువారు చేర్పబడిరి. బొంబాయి సైన్యమున తరతరములుగ సేవచేసిన మహారులకును 1890 ప్రాంతమున అదే గతి పట్టెను. డాక్టరు అంబేద్కరుగారి తండ్రి ఆ సైన్యమున సుబేదారుగ నుండినవారు. ఆ తండ్రి కుమారుడే 1941లో వైస్రాయి రక్షణ సలహాసంఘమున సభ్యుడై కూర్చుండెను. మహారు పటాలము మరల ఏర్పడినది ఆ యేడే.

పెద్ద యుద్ధము వచ్చినంతనే రాబర్ట్సు సిద్ధాంతము నిలువలేదు. రెండవ ప్రపంచయుద్ధములో భారతసేన ఇరువదియైదు లక్షలకు పెరిగెను. యోధజాతు లనబడిన కొలదిమందితో అంత సేన కూడునా? మద్రాసు పటాలము పునరుద్ధరింపబడెను. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసిన దినములలో, మెత్తబడిరని వదలివేసిన ఈ ప్రజలనుండియే సిపాయిలను పిలువవలసివచ్చెను. తాడేపల్లిగూడెము దాపున నున్న మాధవరము ఇంటింటికి నొక సైనికుని పంపిన గ్రామమని పేరుపొంది, నేటికిని “మిలటరీ మాధవరము” అనిపించుకొనుచున్నది. పుట్టుకతో యోధులు కారనబడిన జాతిలోని గ్రామమే యది!

ఇచ్చట నా తప్పొకటి చెప్పవలెను. నేను ఉపాధ్యాయుడనుగ నుండినపుడు సైన్యమున చేర్చుకొను ప్రకటన వచ్చినచో, మాజీ సైనికుల యిండ్ల పిల్లలను మాత్రము పిలిచి చెప్పెడివాడను. తక్కినవారికి ఆ పని పట్టుబడదని నా తలంపు. ఒకనాడు గొఱ్ఱెలు కాచుకొను కుటుంబములోని బాలుడు తనంతట తాను తెలిసికొని పోయి చేరెను. కొన్ని యేండ్లకు హవల్దారై వచ్చి నాకు నమస్కరించి, “మాకు కూడ చెప్పియుండిన మా యన్న సయితము వచ్చియుండెడివాడండీ. వానికి వయస్సు మీఱిపోయినది” అనెను. రాబర్ట్సు దొరను నిందించుట తేలిక. ఆయన సిద్ధాంతము నా తరగతిగదిలో కూడ కాపురమున్నదని ఆనాడు గ్రహించితిని.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1949లో ఏర్పడిన గార్డ్సు పటాలమున దేశమందలి అన్ని ప్రాంతములవారిని, అన్ని వర్గములవారిని కలిపి చేర్చుకొనిరి. అయినను కొన్ని పటాలములలో ఒక జాతివారిని, ఒక ప్రాంతమువారిని చేర్చుకొను ఆచారము నిలిచియున్నది. 2022లో అగ్నిపథ పథకము క్రింద చేరికలను అన్ని వర్గములకు తెఱతుమని ప్రభుత్వము ప్రకటించినపుడు, పెద్ద సైనికులు పలువురు అభ్యంతరము చెప్పిరి. ఒకే భాష, ఒకే సీమ, ఒకే దైవనామము గలవారు ఒకరికొఱకొకరు ప్రాణమిత్తురనియు, ఆ బంధమును చెఱుపరాదనియు వారి వాదము. ఇది తేలికగ త్రోసివేయదగినది కాదు. యుద్ధమున మనుష్యుని నిలుపునది ప్రక్కనున్నవానిపై గల నమ్మకము.

కాని ఆ నమ్మకము రక్తమునుండి పుట్టునా, కలిసి తిన్న అన్నమునుండి, కలిసి చేసిన కవాతునుండి పుట్టునా? మద్రాసు పటాలమున తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, మలయాళీలు కలిసియే పోరాడుచున్నారు. తలుపు మూసినచో కలుగు నష్టమునకు పాకిస్థాను చరిత్ర సాక్ష్యము. ఆ దేశ జనసంఖ్యలో సగమునకు మించిన బెంగాలీలకు సైన్యమున మిక్కిలి స్వల్పమైన భాగమే దక్కెను. పాత యోధజాతి సిద్ధాంతము అచ్చట కొనసాగెను. 1971లో ఆ దేశము రెండుగ చీలుటకు ఇది యొక్కటే కారణము కాదు. కాని తమ సైన్యము తమది కాదని ప్రజలు తలంచిన దేశము ఎట్లుండునో అందు కాననగును.

ఇక ఆడుపిల్లల విషయము. స్త్రీలు 1992 నుండి మన సైన్యమున వైద్యేతర శాఖలలో అధికారులుగ చేరుచున్నారు. వారికి శాశ్వతపదవులు, నాయకత్వము ఇయ్యవలెనా యను వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు వచ్చినపుడు, ప్రభుత్వపక్షమువారు చెప్పిన కారణములలో నొకటి మీరు శ్రద్ధగ వినవలెను. సైనికులలో ఎక్కువమంది గ్రామములనుండి వచ్చినవారు, స్త్రీ నాయకత్వమును అంగీకరించుటకు వారి మనస్సులు ఇంకను సిద్ధపడలేదు అని. పెద్దలారా! ఆ వాదము మన పేరు చెప్పి చేయబడినది. మన రచ్చబండ మాటయే ఢిల్లీ న్యాయస్థానమున వినబడినది. 2020 ఫిబ్రవరి 17న న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చెను. 2021లో ఖడక్‌వాస్లా పరీక్ష బాలికలకు తెఱవబడెను. ఆ మొదటి జట్టులో 17మంది 2025 మే 30న శిక్షణ ముగించి వెలువడిరి.

గ్రామమువాడు స్త్రీ ఆజ్ఞకు నిలువడా? నల్లగొండ సీమలోని చందుపట్లలో 1289 నాటి శాసనమొకటి కలదు. కాకతీయ రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును మరణింపగా, వారికి శివలోకప్రాప్తి కలుగుటకై ఆ నాయకుని భృత్యుడు పువ్వుల ముమ్మడి యనువాడు భూమి దానముచేసి వేయించినది. అతడు రాజు కాడు, మంత్రి కాడు. రాణి సేనలోని వాడు. తన రాణికొఱకు తన చేతనైనది ఇచ్చి ఱాతిపై వ్రాయించెను. ఏడువందల యేండ్లకు పూర్వపు మన పూర్వుడు చేయగలిగినది, మన మనుమలు చేయలేరని మనమే సాక్ష్యము చెప్పవలెనా?

రెండవ సందేహమునకు వత్తము. “అందఱిని చేర్చుట రాజకీయము” అను మాట అమెరికాలోను బలముగ వినబడినది. అచ్చట నల్లవారిని వేఱు పటాలములలో నుంచు ఆచారమును 1948 జూలై 26న ట్రూమను అధ్యక్షుడు తన యుత్తరువుచే తీసివేయ నారంభించెను. అప్పుడును, సైన్యము సంఘసంస్కరణకు ప్రయోగశాల కాదని సేనానులు కొందఱు వాదించిరి. కొరియా యుద్ధమున తెల్లవారు, నల్లవారు ప్రక్కప్రక్కన పోరాడి ఆ వాదమునకు జవాబిచ్చిరి. తరువాతి కాలమున అచ్చట వైవిధ్యమును పెంపొందించుటకై ప్రత్యేక కార్యాలయములు, బోధనలు ఏర్పడెను. ఆ బోధనలే యొక పక్షపు సిద్ధాంతమైనవనియు, యోగ్యతను ప్రక్కకు నెట్టుచున్నవనియు ప్రతిపక్షము పలికెను. 2025 జనవరి 27న ట్రంపు అధ్యక్షుడు ఆ కార్యాలయములను రద్దుచేయ నుత్తరువిచ్చెను. ఆ యేడే నౌకాసైన్య విద్యాలయపు గ్రంథాలయమునుండి 381 పుస్తకములను తీసివేసిరి. పిదప వానిలో చాలవఱకు మరల పెట్టిరి. ఒక పక్షము వచ్చి పాఠము చెప్పుట, మఱియొక పక్షము వచ్చి పుస్తకము తీయుట! ఈ రెంటి నడుమ సైనికుడు నేర్చుకొనునది యేమి? పైవారు మాఱినపుడెల్ల తన మాట మార్చుకొనవలెనని.

ఇట్టి అలవాటు ముదిరినచో ఏమగునో గత శతాబ్దము చూపినది. 1934 ఆగస్టు 2న జర్మను సైనికులచే దేశముపేర గాక హిట్లరు పేర ప్రమాణము చేయించిరి. తరువాత ఘోరకృత్యములకు ఆజ్ఞలు వచ్చినపుడు ఆ ప్రమాణమే పలువురి నోరు కట్టినది. రష్యాలో పక్షభక్తిపై అనుమానముతో 1937 మొదలు తుఖాచెవ్‌స్కీ వంటి సేనానులను చంపించిరి. సేనానితోపాటు అధికారము పంచుకొను పక్షప్రతినిధిని నియమించిరి. జర్మనులు లోపలికి చొచ్చుకొనివచ్చిన పిదప, 1942 అక్టోబరులో, ఒక సేనకు ఇద్దఱు నాయకులు పనికిరారని ఆ పద్ధతి మానుకొనిరి.

మన సైనికుడు ప్రమాణము చేయునది రాజ్యాంగమునకు. ఏ నాయకునకును కాదు, ఏ పక్షమునకును కాదు. అతడు ఓటు వేయవచ్చును, రాజకీయపక్షమున చేరరాదు. 2019లో ఎన్నికల సంఘము, సైనికుల బొమ్మలను ప్రచారమున వాడవలదని పక్షములను హెచ్చరించెను. ఆ నియమము సైనికునకే కాదు, మనకును వర్తించును. మన యూరి గోడలపై సైనికుని బొమ్మ ప్రక్కన ఒక పక్షపు గుర్తు అంటించినచో, అడ్డుచెప్పవలసినవారు గ్రామపెద్దలే.

అయినచో అందఱిని చేర్చుకొనిన యోగ్యత తగ్గదా అందురేమో. తలుపు వెడల్పు చేయుట వేఱు, జల్లెడ కన్నములు పెద్దవి చేయుట వేఱు. ధాన్యము ఏ పొలమునుండి వచ్చినను జల్లెడ ఒక్కటే కావలెను. పరుగు, గుఱి, ధైర్యము, బుద్ధి, ఆజ్ఞాపాలనము, ఇవియే కొలతలు. అయితే జల్లెడ పట్టువాని చేయి కూడ నిష్పక్షపాతముగ నుండవలెను. 2021 మార్చిలో న్యాయస్థానమునకు తెలిసినదేమనగా, పురుషాధికారులకు యౌవనమున పెట్టు దేహపరీక్షను, చిరకాలము హక్కు దక్కక నడివయస్సునకు వచ్చిన స్త్రీలకు అదే కొలతతో పెట్టిరని. కొలత పేరు ఒకటియే; న్యాయము ఒకటి కాలేదు.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున వర్ణములవారీగ సేనలను విచారించి, శిక్షితమైన క్షత్రియసేననైనను, వీరులు బహుళముగ గల వైశ్యశూద్రసేననైనను మేలని చెప్పెను. అంతటి ప్రాచీనుడే పుట్టుకవద్ద ఆగలేదు. మనమాగుట యుచితమా?

ఆనాడు రచ్చబండ కడ నేను చెప్పిన మాట ఇంతే. “ఆ పిల్ల పరీక్షలో తప్పినచో ఇంటికి వచ్చును, అందుకు చింతలేదు. నెగ్గినచో ఎవరి దయతోను కాక తన యోగ్యతతో పోవును. ఎవరికిని ఋణపడదు, దేశమునకే ఋణపడును. అట్టివారే దేశమును కాపాడగలరు.” మొదట ప్రశ్నించిన పెద్దగారు కొంతసేపు మిన్నకుండి, “అయితే ఆ పిల్ల పరుగు నేర్చుకొనుటకు మా చెఱువుగట్టు బాగుండును. తెల్లవాఱుజామున కుక్కలు రాకుండ నేను కూర్చుందును లెండి” అనిరి.

మీ గ్రామములందును అట్టి చెఱువుగట్లు, అట్టి పిల్లలు ఉందురు. ఏ యింటి పిల్ల, ఏ వాడ పిల్లవాడు అని యడుగక, సైన్యమున చేర్చుకొను ప్రకటన వచ్చినపుడు అన్ని వాడలలోను చదివి వినిపింపుడు. నేను చేసిన తప్పు మీరు చేయవలదని నా ప్రార్థన.

సెలవు.