వంశావళియు పత్రసాక్ష్యమును



మన సంఘమువారు వంశావళులను అచ్చువేయింప సంకల్పించియున్నారు. ఆ పనికి ఉపకరించునని, అమెరికాఖండమున తొలుత వలసవచ్చిన ఆంగ్లేయ కుటుంబములలో నొకదాని వృత్తాంతమును విన్నవించుచున్నాము.

1620వ సంవత్సరమున మేఫ్లవర్ అను ఓడలో 102 మంది ప్రయాణికులు సముద్రము దాటిపోయి ప్లిమత్ అను గ్రామమును నెలకొల్పిరి. అది ఎవరికిని చెందని భూమి కాదు. కొలదియేండ్లకు పూర్వము మహామారివలన పాడుపడిన వాంపనోగు జనుల గ్రామస్థలమది. వారి వంశావళుల నెవరడిగిరి?

తొలి శీతకాలముననే వచ్చినవారిలో ఇంచుమించు సగముమంది గతించిరి. ప్రిసిల్లా మలిన్స్ అను కన్యక తల్లిని, తండ్రిని, సోదరుని పోగొట్టుకొని ఒంటరిదయ్యెను. ఓడలో పీపాలపనికి కుదిరిన జాన్ ఆల్డెన్ ఆమెను వివాహమాడెను. ఈ పరిణయమునుగూర్చి లాంగ్‌ఫెలో కవి 1858లో కావ్యము రచించెను. స్టాండిష్ అను సేనాని ఆల్డెనును రాయబారమంపగా, కన్యక ఆ రాయబారినే వరించెనట! నలోపాఖ్యానము తలపునకు రాకమానదు. కవియు ఆ వంశమువాడే. కథ రమ్యమే గాని, ఆనాటి పత్రమేదియు దానిని చెప్పదు.

వంశశోధకులు కథను ప్రక్కనుంచి వీలునామాలను, భూమి దస్తావేజులను వెదకిరి. ఓడ దిగిన ముప్పదియేండ్లకు గవర్నరు బ్రాడ్‌ఫోర్డ్ ఎవరు వచ్చిరో, ఎవరు గతించిరో, ఎవరి సంతానమెంతయో జాబితా వ్రాసిపెట్టెను. అందు ఈ దంపతులకు 11గురు బిడ్డలని యున్నది. పత్రములలో పేర్లతో తేలినవారు పదిమందియే. పదునొకండవ పేరు కల్పించుట కష్టమా? వారాపని చేయలేదు. ఆల్డెను తల్లిదండ్రులెవరో నిశ్చయింపబడలేదు గనుక ఆ స్థానమును శూన్యముగనే విడిచిరి. 1897లో ఏర్పడిన మేఫ్లవర్ సంతతివారి సంఘమును ప్రతితరమునకు నిదర్శనము చూపిననే గాని సభ్యత్వమీయదు.

మన వంశావళులందన్ననో, మొదట ఒక మహర్షి, పిదప ఒక రాజాస్థానము, నడుమ ఎడములేని ఇరువది తరములు! ఇనాము దస్తావేజులను, గయాక్షేత్రపు పండాల పుస్తకములను చూచిన వారెందరు?

ఇక స్త్రీల మాట. ప్రిసిల్లా తండ్రి మరణశయ్యపై చెప్పి వ్రాయించిన వీలునామాలో ఆమె పేరున్నది. కావుననే ఆమె పుట్టినిల్లు తెలిసినది. ఆల్డెను 1687లో మరణించినట్లు వ్రాతయున్నది. ఆమె మరణించిన సంవత్సరము నెవరును వ్రాయలేదు. మనము తర్పణమున మాతృ పితామహీ ప్రపితామహీలను స్మరింతుము, కాని మెట్టినింటి గోత్రముతోనే. వంశావళులలో ఆ స్మరణయు లేదు.

కావున ప్రతి స్త్రీ పేరును, పుట్టినింటిపేరును, గ్రామమును పత్రమున చేర్పుడు. తెలియనిచోట గీత గీసి విడువుడు. పత్రములు నింపుటకు ముందు ఇంటనున్న వృద్ధమాతల నడుగుడు. దస్తావేజులు ఎన్నాళ్లయినను పెట్టెలో నుండును, వారుండరు. ఖాళీపత్రములు కార్యదర్శిగారియొద్ద లభించును.