ఆసామిని మార్చుకునే హక్కు

(దేవరగట్టు దిగువ పల్లెల్లో బి.ఇడి. చదువుకున్న దళిత యువతీ యువకుల సమావేశంలో, విదేశాల్లో పంతులు పని చేసి వచ్చినవాళ్ళ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



దేవరగట్టు కింద కూర్చుని వీసా బదిలీ గురించి మాట్లాడుతున్నామంటే కొందరికి నవ్వు రావచ్చు. బన్ని రోజు తెల్లవారుజామున ఇక్కడ కారణికం చెబుతారు. పత్తి ధర ఎంత పలుకుతుంది, జొన్న ధర ఎంత, వాన ఎట్లుంటుంది అని చెబుతారు. దాన్ని నమ్మేవాళ్ళను మేం ఇప్పుడు తప్పుపట్టడం లేదు. కానీ మన పిల్లోడు మస్కట్‌లో ఒక స్కూలు నుంచి ఇంకో స్కూలుకు మారొచ్చా లేదా అన్నది ఏ కారణికంలోనూ రాదు. అది వాడు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది. ఆ కాగితం ఎట్లా చదవాలో చెప్పేదానికే మేం వచ్చినాం.

వలస అనేది పేపరోళ్ళ మాట. హొళగుంద, కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు వైపు మన మాట సుగ్గి. దసరా దాటితే ఇళ్ళకు తాళాలు పడతాయి, వాడలో ముసలోళ్ళు మిగులుతారు. గుంటూరు మిరపకు, పత్తికి, బెంగుళూరు కట్టడం పనికి లారీలు కదులుతాయి. పోయేముందు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా ఇంకో మేస్త్రీ మొహం చూసేదానికి లేదు. ఈ సంగతి మీకు మేం చెప్పాల్నా? ఇక్కడ కూర్చున్న సగం మంది సుగ్గి గుడిసెల ముందర ఆడుకుని పెరిగినవాళ్ళే.

ఆ పిల్లలే కింద మీద పడి డిగ్రీ, బి.ఇడి. చేసినారు. 2018 డీఎస్సీ అయిపోయినాక ఏళ్ళ తరబడి ఎదురుచూపే. 2024 ఫిబ్రవరిలో ఒక నోటిఫికేషన్ ఇచ్చి తీసేసినారు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పెట్టి నింపినారు. నడుమ ఏడేళ్ళు పోయినాయి. ఆ ఏడేళ్ళలో పెళ్ళిళ్ళయినాయి, అప్పులయినాయి, కొందరికి వయసు దాటింది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రైవేటు బళ్ళలో ఇచ్చే జీతంతో బతకలేనోళ్ళు ఏజెంటు చెప్పిన ఊరికి విమానం ఎక్కినారు. మస్కట్, రియాద్, దోహా, దుబాయి, మాలే. ఇదీ సుగ్గే. చేతిలో కొడవలికి బదులు చాక్‌పీసు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మన తాతల కాలంలో జీతగాడు అంటే ఎవరు? ఆసామి దగ్గర అప్పు తెచ్చుకుని ఉగాది నుంచి ఉగాదికి పనికి కుదిరినవాడు. ఆసామి కొడతాడు, కూడు సరిగా పెట్టడు. జీతగాడికి ఇంకో ఆసామి దగ్గరికి పోవాలని ఉంటుంది. ఎట్లా పోవాల? కొత్త ఆసామి వచ్చి పాత ఆసామి అప్పు కట్టాల. అప్పుడు జీతగాడు ఈ గాటి నుంచి ఆ గాటికి మారతాడు. పశువుకైతే సంతలో పల్లు పట్టి చూసి బేరం చేస్తారు. జీతగాడికి ఆ మర్యాద కూడా లేదు, మాట అడిగేవాడే లేడు. అప్పు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది, అప్పుతో పాటు మనిషి మారినాడు.

ఇది ఒట్టి ఆచారం అనుకోవద్దు, దీనికి చట్టమే ఉండింది. 1859లో ఇంగ్లీషోళ్ళు ఒక చట్టం చేసినారు. అడ్వాన్సు తీసుకుని పని వదిలిపోయిన కూలీని జైలుకు పంపొచ్చని దాని సారం. 1925లో గాని అది రద్దు కాలేదు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో నేటాల్ చెరుకు తోటలకు పోయినోళ్ళలో మన తెలుగోళ్ళున్నారు. ఆ తోటల్లోనూ అంతే. తోట వదిలితే నేరం, గేటు దాటాలంటే చీటీ కావాల. కోరంగి రేవు నుంచి బర్మాకు పోయినవాళ్ళను నడిపింది కూడా మేస్త్రీలే. ఆ మాట ఈనాటికీ మన సుగ్గిలో బతికే ఉంది చూడండి. తర్వాత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. పని మానేసి పోయే హక్కు మనకు ఎవరో దానంగా ఇచ్చింది కాదు, అంత ఆలస్యంగా వచ్చింది అని గుర్తుపెట్టుకోవాలి.

గల్ఫ్‌లో కఫాలా అంటారు. కఫీల్ అంటే పూచీ ఉండేవాడు. నీ వీసా నీది కాదు, అతని పూచీ మీద నడుస్తుంది. గొర్రెలు కాసేవాడికీ అదే, ఫిజిక్స్ చెప్పే పంతులుకూ అదే. టై కట్టుకున్నంత మాత్రాన మెడలో తాడు తీసేయరు.

మాలో ఒకాయన ఒమన్‌లో రెండేళ్ళు లెక్కలు చెప్పినాడు. స్కూలు పేరెందుకులే. ఒప్పందం పూర్తయింది. పక్క ఊరి స్కూలువాళ్ళు ఎక్కువ జీతానికి రమ్మన్నారు. పాత స్కూలు 'అభ్యంతరం లేదు' అనే కాగితం ఇస్తే చాలు. వాళ్ళు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పలేదు కూడా. ఒమన్‌లో 2014 నుంచి ఉన్న పద్ధతి ఏమంటే, ఆ కాగితం లేకుండా దేశం వదిలినోడు రెండేళ్ళదాకా ఇంకో కొలువు మీద తిరిగి రాకూడదు. అదే దేశంలో ఇంకో బడి పిలుస్తున్నా, ఒప్పందం గడువు తీరినా, తప్పేమీ చేయకపోయినా సరే, ఇంటికి రావాల్సిందే. వచ్చినాడు. రెండేళ్ళు గడిచేసరికి కరోనా. ఏజెంటుకు కట్టిన డబ్బు మీద వడ్డీ మాత్రం ఏ నెలా ఆగలేదు. జీతగాడి కథకు, ఈ కథకు తేడా ఏముంది? మా కంటికి ఒకటే తేడా కనిపిస్తుంది. జీతగాడికి కనీసం కొత్త ఆసామి వచ్చి అప్పు కట్టేవాడు.

పోరాటాలు జరిగినాయి, బయటి ఒత్తిడి వచ్చింది, చట్టాలు కదిలినాయి. ఒమన్ ఆ కాగితం షరతును 2021 జనవరి 1 నుంచి తీసేసింది. ఒప్పందం ముగిసినవాడు ఇంకో యజమాని దగ్గరికి పోవచ్చు. ఖతర్ 2020లో చట్టం మార్చింది. రెండేళ్ళలోపు పనిచేసినవాడు ఒక నెల ముందు, అంతకు మించి చేసినవాడు రెండు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పి మారొచ్చు. సౌదీలో 2021 మార్చి 14 నుంచి కొత్త పద్ధతి. ఏడాది పని పూర్తయితే, తొంభై రోజుల ముందు నోటీసు ఇచ్చి, కఫీల్ ఒప్పుకోలు లేకుండానే మారొచ్చు. బదిలీ అంతా కివా అనే ప్రభుత్వ కంప్యూటర్ వేదిక మీద జరుగుతుంది. వరసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా, పని పర్మిట్ గడువు దాటించినా, ఏడాది నిండకముందే మారే వీలుంది. అయితే ఇండ్లల్లో పనిచేసే ఆడోళ్ళకు, డ్రైవర్లకు, తోటమాలికి, గొర్రెల కాపరికి ఆ సంస్కరణ వర్తించలేదు. మన వాడల నుంచి పోయేవాళ్ళలో ఎక్కువమంది ఎవరో మీరే లెక్క వేసుకోండి. పంతులుకు తలుపు తీసినారు, పంతులు అక్కకు తీయలేదు.

యు.ఎ.ఇ. చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఒక ముక్క మేం చదివి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ప్రొబేషన్‌లో ఉన్నవాడు అదే దేశంలో ఇంకో యజమాని దగ్గరికి మారితే, పాత యజమాని నియామకానికి పెట్టిన ఖర్చును కొత్త యజమాని చెల్లించాల. ఇది మన ఉగాది బేరం కాక మరేంది? కాకపోతే ఒక మేలుంది. ఆ ఖర్చును పనివాడి నెత్తిన వేయకూడదని అదే చట్టం చెబుతుంది. పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదనీ చెబుతుంది. కాబట్టి 'నీ వీసా ఖర్చు కట్టి పో' అని ఎవడైనా అంటే, ఆ మాట రాసిమ్మని అడగండి. రాసివ్వడు.

పాస్‌పోర్టు గురించి ఇంకో మాట. మన 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వం సొత్తు. నీదే కాదు, ఇంక నీ స్కూలు మేనేజరుది ఎట్లా అవుతుంది?

అయితే ఈ రోగం గల్ఫ్‌ది అని గల్ఫ్‌ను తిట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. మన రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీల్లో చేరే లెక్చరర్ మొదటి రోజు ఏం చేస్తాడు? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టి వస్తాడు. నడుమలో మానేస్తానంటే 'మూడు నెలల జీతం కట్టి తీసుకుపో' అంటారు. ఏ వీసా లేదు, ఏ సముద్రం దాటలేదు, కఫాలా మాత్రం ఉంది. ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో, ఆ కాలేజీలు ఏ కులాలవో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. గల్ఫ్‌లో కొందరు మేనేజర్లు మనోళ్ళే, ఆ విద్య ఇక్కడ నేర్చుకుని పోయినోళ్ళే.

బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా ఒప్పందం రాసి చదువుకున్నవాడే. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ ఇచ్చి, చదువు అయినాక పదేళ్ళు కొలువు చేయాలని రాయించుకుంది. 1917లో ఆయన కొలువులో చేరేదానికి బరోడా పోతే ఉండేదానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టినారు. ఊరంతా తిరిగినా తలదాచుకునే చోటు లేక బొంబాయి రైలెక్కినాడు. ఒప్పందం ఉంది, జీతం ఉంది, హోదా ఉంది, నిలబడే చోటు లేదు. తర్వాత 1918లో బొంబాయి సిడెన్హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరి, పాఠాలు చెప్పి, పైసా పైసా కూడబెట్టి, 1920లో మళ్ళీ లండన్ పోయి చదువు పూర్తిచేసినాడు. ఈ బరోడా సంగతి ఆయన రాసుకున్న చిన్న పుస్తకానికి పేరేమిటో తెలుసా? 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. సొంత దేశంలోనే వీసా కోసం నిలబడినవాడు కాబట్టి ఆ పేరు పెట్టగలిగినాడు.

అమెరికా సంగతి కొంచెం. అక్కడ హెచ్-1బి వీసా మీద పోయేవాళ్ళకు 2000 నాటి చట్టం ఒక మేలు చేసింది. కొత్త యజమాని దరఖాస్తు వేసిన రోజు నుంచే అక్కడ పనిలో చేరొచ్చు, మంజూరయ్యేదాకా ఆగనక్కరలేదు. పని పోతే 60 రోజుల గడువు 2017 నుంచి ఉంది. యూనివర్సిటీల్లో చెప్పేవాళ్ళకు ఏటా తీసే లాటరీ లెక్క లేదు, కానీ యూనివర్సిటీ వదిలి కంపెనీకి పోవాలంటే ఆ లాటరీలో పడాల్సిందే. ఇవి తెలుసుకోదగ్గవే. కానీ మేం చెప్పదలుచుకుంది వేరే. మేరీలాండ్‌లో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ బళ్ళు విదేశీ పంతుళ్ళను, ఎక్కువగా ఫిలిప్పీన్స్ వాళ్ళను, తెచ్చుకుని యజమాని కట్టాల్సిన వీసా ఖర్చులు పంతుళ్ళ చేత కట్టించినాయి. 2011లో అమెరికా కార్మిక శాఖతో రాజీ జరిగి వెయ్యిమందికి పైగా పంతుళ్ళకు 42 లక్షల డాలర్లు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. బాగుంది కదా? దాంతో పాటు రెండేళ్ళు ఆ బళ్ళు కొత్త వీసాలు అడగకూడదు, పాతవి పొడిగించకూడదు అని శిక్ష వేసినారు. తప్పు చేసింది యజమాని. గడువు దగ్గరపడిన వీసాలు ఎవరివి? పంతుళ్ళవి. డబ్బు చేతికొచ్చింది, కొలువు పోయింది, ఇంకో యజమాని కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. వీసా యజమానికి కట్టేసి ఉన్నంతకాలం న్యాయం గెలిచినా దెబ్బ పనివాడికే తగులుతుంది.

ఇప్పుడు పోబోయేవాళ్ళకు. పదో తరగతి పాసైనవాళ్ళ పాస్‌పోర్టుకు ఇ.సి.ఆర్. షరతు ఉండదు. అది గొప్పగా చెప్పుకుంటాం. దాని అర్థం ఏమంటే, నర్సుల్లాంటి కొందరిని మినహాయిస్తే, బయలుదేరే ముందు మన ఒప్పందాన్ని ప్రభుత్వంలో ఎవరూ చదవరు. చదువుకున్నోడివి, నువ్వే చదువుకో అని వదిలేసినారు. కాబట్టి నువ్వే చదవాల. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గది 30 వేల రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. లక్షలు అడిగేవాడికి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ జాబితాలో చూడండి. రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సొంత సంస్థ ఉంది, దాన్నీ అడగండి.

మారాలనుకున్నప్పుడు వరస తప్పొద్దు. కోపం వచ్చి ముందు రాజీనామా కాగితం మొహాన కొట్టొద్దు. ముందు కొత్త బడి రాతపూర్వకంగా కొలువు ఇవ్వాల. తర్వాత ఒప్పందంలో ఉన్నన్ని రోజుల నోటీసు, దానికి చేరినట్టు రసీదు. బదిలీ ప్రభుత్వ రికార్డులో ఎక్కేదాకా పాత బడికి పోతూనే ఉండాల. నాలుగు రోజులు పోకపోతే 'పారిపోయినాడు' అని ఫిర్యాదు పెడతారు, అది పడిందంటే బదిలీ మాట అటుంచి ఇంటికి రావడమే కష్టం. పంతుళ్ళకు ఇంకో ముడి ఉంది. చాలాచోట్ల వీసా వేరు, పాఠం చెప్పేదానికి విద్యాశాఖ అనుమతి వేరు, ఆ అనుమతి ఒక బడి పేరు మీద ఉంటుంది. రెండూ మారాల. మన సిలబస్ బళ్ళు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి నడుమలో వదిలేవాడిని ఏ యజమానీ సంతోషంగా వదలడు. మళ్ళీ మన ఉగాది లెక్కే. చివరి నాడు 'అన్ని బాకీలూ ముట్టినవి' అనే కాగితం ముందర పెడతారు. డబ్బు ఖాతాలో పడకముందు దాని మీద సంతకం పెట్టొద్దు. జీతం ఎగ్గొడితే ఎంబసీకి రాయండి, మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నెంబరు తీసుకోండి. నెంబరు లేని ఏడుపు ఎవరికీ వినపడదు.

బన్నికి ముందు నెరణికి, కొత్తపేట, తండా వాళ్ళు పాలు ముట్టి బాస చేసుకుంటారు. ఆ బాస నిలబడుతుంది, ఎందుకంటే మూడూళ్ళు చూస్తుంటాయి. గల్ఫ్ ఒప్పందాన్ని ఎవరూ చూడరు. అందుకే మా విన్నపం, పోయేవాడు ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో, ఒకటి మన సంఘంలో పెట్టి పోవాల. అరబ్బీలో ఉంటే అరబ్బీదే తెండి, చదివేవాళ్ళు మా దగ్గర ఉన్నారు.

ఇందాక ఒక అక్క చీటీ పంపింది. భర్త వీసా మీద పోయి బడిలో చెబుతున్నవాళ్ళ గతి ఏమని. అక్కా, అక్కడ నీ ఆసామి ఇద్దరు. భర్త కొలువు పోతే నీ వీసా పోతుంది, నీ బడి ఎంత మంచిదైనా సరే. కుదిరితే నీ పేరు మీద నీ బడి వీసా తీసుకో. అది ఎట్లా మార్చుకోవాల్నో దేశానికో తీరు ఉంది, టీ తాగినాక కాగితాలు పట్టుకుని ఇటు రా, కూర్చుని చూద్దాం.