పసుపు దీపము వెలిగినప్పుడు

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: 2 సమూయేలు 11, 12 అధ్యాయములు)

ఈ ప్రసంగమును లారీ క్యాబినులో కూర్చుని వింటున్న సహోదరులు కొందరున్నారు. నేడు వారి పనిలోనుండే ఒక సంగతి తీసుకొని మాట్లాడాలని ఆశపడుచున్నాను. మిగిలినవారు కొంచెము ఓపికపట్టండి, ఇది మీ ఇంటి గడప దగ్గరకు కూడ వస్తుంది.

మన దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 4 బండ్లు, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 బండ్లు వచ్చినవి. వీటి డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో ఒక పసుపు దీపము ఉంటుంది. చెక్ ఇంజన్ లైటు అంటారు. అంతకుముందటి పాత లారీలలో చాలావాటికి ఈ దీపము లేదు. మేస్త్రీ పొగను చూసి, చప్పుడు విని చెప్పేవాడు. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుచున్నదనీ, తెల్ల పొగ ఆగకుండా వస్తే రేడియేటరు నీళ్లు లోపలికి పోవుచున్నవేమో చూడాలనీ ఇప్పటికీ చెప్తారు. 2017, 2018 నాటి బండ్లు కూడ ఇప్పుడు పాతబడినవి, దీపము వెలగడము వాటికి మామూలైపోయినది.

తాళము తిప్పగానే ఆ దీపము వెలగాలి, ఇంజను స్టార్టయిన తరువాత ఆరిపోవాలి. సెకండ్‌హ్యాండు బండి కొనే తెలివైనవాడు మొదట ఇదే చూస్తాడు. తాళము తిప్పినా వెలగలేదంటే బండి బాగున్నదని కాదు. బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో పీకివేసి ఉండాలి. అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయములో, వాత పెట్టిన చర్మమువలె మొద్దుబారిన మనస్సాక్షిని గూర్చి హెచ్చరించినాడు. గద్దింపు వినబడని మనిషి ప్రశాంతముగానే కనబడతాడు.

ఒక సహోదరుని సంగతి చెప్తాను, పేరు వద్దు. ఫైనాన్సు మీద లారీ కొని తానే నడుపుకొంటున్నాడు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడము లేదు. సైలెన్సరులోనుండి నల్లటి పొగ, ఎదుట పసుపు దీపము. దారిలో ఒకతను స్కానరు పెట్టి, కోడు చెరిపివేసి, వెళ్లన్నా ఏమీ లేదన్నాడు. రెండు రోజులకు దీపము మళ్లీ వెలిగింది. ఇంకొకతను ఒక సెన్సారు మార్చినాడు, మళ్లీ వెలిగింది. మూడవ అతను, అది ఇక ఎన్నటికీ వెలగకుండా చేసిపెడతానన్నాడు. కిస్తీ కట్టవలసిన తేదీ దగ్గరపడిన మనిషికి ఆ మాట ఎంత తీయగా ఉంటుందో మీరే ఆలోచించండి.

అయినా అతడు ఒప్పుకొనక విజయవాడ ఆటోనగరులో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరకు బండి తెచ్చినాడు. స్కానరులో పి 0299 అని వచ్చింది. టర్బో నుండి ఇంజనుకు రావలసిన గాలి ఒత్తిడి తగ్గినదని దాని అర్థము. టర్బో చెడిపోయిందని కాదు. ఆ అంకె ఏమి తగ్గిందో చెప్తుంది గాని, ఎందుకు తగ్గిందో చెప్పదు. మేస్త్రీ టర్బో ముట్టుకోలేదు. మొదట ఎయిర్ ఫిల్టరు చూసినాడు. తరువాత టర్బో నుండి ఇంటర్‌కూలరుకు పోయే రబ్బరు హోసు పొడవునా చేత్తో తడిమినాడు. క్లాంపు క్రింద, కంటికి కనబడని వైపున, వేలెడంత చీలిక. బండి మీద బరువు పడినప్పుడే అది తెరుచుకొంటుంది. గాలి బయటికి పోతున్నది, డీజిలు మాత్రము పడుచున్నది. సరిగా కాలని ఆ డీజిలే నల్ల పొగ. హోసు మార్చి, లోడుతో నడిపి చూసి, ఆ తరువాతనే కోడు చెరిపినాడు. సామాను కొనడానికి ఒప్పుకొనే మన మనసు పరీక్షకు డబ్బివ్వడానికి ఒప్పుకోదు గాని, ఆ పూట అతనికి మేలు చేసింది పరీక్షే.

పరీక్షలో మరొకటి బయటపడింది. ఎగ్జాస్టు గొట్టము అతుకు దగ్గర మసి చార. అక్కడ గాస్కెటు కాలిపోయి, పొగ క్యాబిను క్రిందికి వస్తున్నది. దానిలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. క్యాబినులో పడుకొనే క్లీనరు కుర్రవాడు చాలా రోజులుగా తలనొప్పి అంటుంటే నిద్ర చాలకేమో అనుకొన్నారట. ఈ లోపానికి ఏ దీపమూ వెలగలేదు. పసుపు దీపము పీకించి ఉంటే బండి మేస్త్రీ దగ్గరకు వచ్చేదే కాదు.

ఇప్పుడు దావీదును చూడండి. బత్షెబ విషయములో పాపము చేసినాడు. కబురు రాగానే యుద్ధభూమి నుండి ఊరియాను పిలిపించి ఇంటికి పొమ్మన్నాడు. ఊరియా వెళ్లలేదు. మరునాడు భోజనము పెట్టి, త్రాగించి చూసినాడు. అప్పుడూ వెళ్లలేదు. చివరకు అతని మరణమునకు ఉత్తరము వ్రాసి, అతని చేతికే ఇచ్చి పంపినాడు. మూడుసార్లు చెరిపినాడు, ఒక్కసారి కూడ బాగుచేయలేదు. బయటికి రాజనగరు సజావుగానే ఉన్నది, కుమారుడు కూడ పుట్టినాడు. లోపల మాత్రము ఎముకలు అరిగిపోయినట్లు దినమంతా మూలిగిన సంగతి 32వ కీర్తనలో చూస్తాము. నాతాను వచ్చి ఒక పేదవాని గొర్రెపిల్ల కథ చెప్పి, వ్రేలు చీలిక మీదనే పెట్టినాడు. దావీదు ఒప్పుకొన్నాడు. దేవుడు క్షమించినాడు. అయినను ఆ బిడ్డ దక్కలేదు, ఊరియా తిరిగి రాలేదు. ఈ మాట దాచిపెట్టి క్షమాపణను ప్రకటించడము నాకు ఇష్టము లేదు.

వింటున్న సహోదరుడా, తల్లి పోయిన దుఃఖములో ఉన్న చెల్లెలి చేత సంతకము పెట్టించుకొన్న కాగితము నీ బీరువాలో ఉన్నదేమో. బల్ల దగ్గరకు వచ్చినప్పుడెల్లా ఆమె ముఖము జ్ఞాపకమునకు వస్తున్నదేమో. ఆ నెల కానుక కొంచెము ఎక్కువ వేస్తావు, దీపము ఆరుతుంది. వచ్చే ఆదివారము మళ్లీ వెలుగుతుంది. మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు, కానుకను బలిపీఠము దగ్గరనే విడిచి మొదట వెళ్లి సమాధానపడమన్నాడు. ఆమె ఊరు నీకు తెలుసు. ఆ కాగితము తీసుకొని వెళ్లు.

ప్రార్థన చేసుకొందాము. పరలోకమందున్న తండ్రీ, ఈ రాత్రి రోడ్డు మీద ఉన్న డ్రైవర్లను, క్యాబినులో నిద్రించే కుర్రవాండ్లను కాపాడుము. బీరువా తాళము చేతపట్టుకొని తెరవలేక నిలిచియున్న నీ బిడ్డకు ధైర్యమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.