కణములోని తనిఖీదారు
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సరుకు తెచ్చుట యెంత ముఖ్యమో, చెడిన సరుకును వేళకు ఏరి పారవేయుటయు అంతే ముఖ్యమని వర్తకులమగు మేమెరుగుదుము. ముక్కిపోయిన బస్తా యొక్కటి గిడ్డంగిలో మిగిలినచో ప్రక్క బస్తాలకును చేటు. మన శరీర కణములును ఈ నియమమునే పాటించుచున్నవి.

కణములోని పనులలో పెక్కింటిని నడుపునవి ప్రోటీనులు. మడత తప్పినవి, పని తీరినవి లోన పేరుకొన్నచో కణమునకు హాని. కావున అట్టివానికి యుబిక్విటిన్ అను చిన్న ప్రోటీను ముద్రవలె తగిలింపబడును. ఇందు 76 అమైనో ఆమ్లములు గలవు. ఈ పనికి మూడు రకముల ఎంజైములు కావలెను. మొదటిది ముద్రను సిద్ధపరచును. రెండవది దానిని మోసికొని వచ్చును. మూడవదియగు లైగేజు ఏ ప్రోటీనుకు ముద్ర పడవలెనో నిర్ణయించును. ఇదియే తనిఖీదారు. మానవునిలో ఇట్టి లైగేజులు 600కు పైగా కలవు. ఒక్కొక్కటి తనకు తెలిసిన సరుకునే పట్టును. ముద్రలు గొలుసుగా పడిన ప్రోటీను, ప్రోటియాసోము అను పీపా వంటి యంత్రములో ముక్కలగును. ముద్రలు ఊడి మరల వాడుకకు వచ్చును. ఈ మర్మమును వెలికితీసిన సీకనోవర్, హెర్ష్కో, రోజ్ అను మువ్వురికి 2004లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

అయితే తనిఖీదారునే మోసగించినచో? హ్యూమన్ పాపిలోమా వైరసు చేయునది అదియే. దాని ఇ6 అను ప్రోటీను మన లైగేజు నొకదానిని వశపరచుకొని, పి53 అను మేలైన ప్రోటీనుకు ముద్ర వేయించును. పి53 కణమునకు కావలివాడు. జన్యువులు దెబ్బతిన్న కణమును పెరుగనీయదు. కావలి పోయిన కణము అదుపు తప్పును. పెక్కుమందిలో శరీరమే ఈ వైరసును వెడలగొట్టును. ఏండ్ల తరబడి నిలిచినచోటనే గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పుట్టును. ఇట్టి క్యాన్సరులలో పదింట ఏడింటికి 16, 18 రకముల వైరసులే కారణము.

దీనికి టీకా కలదు. మన దేశమున తయారైన టీకాకు 2022లో అనుమతి లభించినది. ఆడపిల్లలకు 9 మొదలు 14 ఏండ్ల లోపల వేయించుట శ్రేష్ఠము. వైరసు సోకకముందే అది కాపాడును; సోకినదానిని తొలగింపజాలదు. టీకా వేయించుకొన్నను, ముప్పది దాటిన స్త్రీలకు పరీక్ష అవసరము.

ఇట్టి మాట సభలో ఆడదగునా యని కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నించిరి. ఆసుపత్రిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో వినవచ్చును గాని, పిల్లకు టీకా వేయింపవలెనా యను తీర్మానము మన ఇండ్లలో తెలుగుననే జరుగును. ఆ మాట అక్కడ ఆడువారు లేనిచో పిల్లకే నష్టము. కావున ఈ వారమే ఇంట ప్రస్తావించి, వైద్యుని అడుగుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.